మొన అరిగిన కత్తులు

నా కత్తుల పెట్టె తెరిచి చూపిస్తే వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "దీంతో ఎవరినైనా చంపారా?" పిల్లలు సూటిగా అడిగేస్తారు. పెద్దవాళ్లు గొంతు కాస్త తగ్గించి, కత్తిని అటూ ఇటూ తిప్పి చూస్తూ అడుగుతారు. ఇరవై ఏళ్ల కిందట మొదటి కత్తి కొన్నప్పుడు నేనూ అదే అడిగాను. అమ్మినాయన తడుముకోకుండా ఒక కథ చెప్పాడు. ఒక తీరం, ఒక చీకటి రాత్రి, కాపలా ఉన్న సిపాయి, వెనకనుంచి వచ్చిన చెయ్యి. వింటూ ఉండిపోయాను. అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాను. కథ వింటున్నంతసేపూ కత్తిని సరిగా చూడనైనా లేదు.

ఆ కత్తి అమెరికన్ సైన్యపు ఎమ్3. 1943 మార్చిలో దాని తయారీ మొదలైంది, 1944 ఆగస్టులో ఆగిపోయింది. ఆ ఏడాదిన్నరలో తొమ్మిది కంపెనీలు కలిసి సుమారు 25 లక్షల 90 వేల కత్తులు చేశాయి. తుపాకీకి బాయినెట్ (గొట్టం కొసన తగిలించే కత్తి) లేనివాళ్లకు, ముఖ్యంగా పారాచూట్ దళాలకు ఇవ్వడానికి పుట్టిన కత్తి. ఆరుముప్పావు అంగుళాల సన్నటి అలుగు. తోలు బిళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించిన పిడి. ఒక అంచు పొడవునా పదును, రెండో అంచుకు మొన వైపు కొంతమేర పదును. పొడవడానికి చేసిన వస్తువని చూస్తేనే తెలిసిపోతుంది.

నా దగ్గరికొచ్చిన కత్తికి మాత్రం ఆ మొన లేదు. చివర రెండు మూడు మిల్లీమీటర్లు విరిగిపోతే, ఎవరో ఓపిగ్గా అరగదీసి మళ్లీ గుండ్రం చేశారు. అంచుని సానరాయి మీద ఎన్నిసార్లు రాశారో, మధ్యలో కాస్త లోపలికి పోయింది. అలుగు ఒక పక్కన అడ్డంగా లోతైన గీతలున్నాయి. మూతల సందులో దూర్చి ఎత్తితే పడే గీతలవి. పిడి చివరనున్న ఉక్కు బిళ్ల నిండా సొట్టలు. దాన్ని సుత్తిలా వాడారు. అమ్మినాయన చెప్పిన రాత్రి ఈ కత్తి మీద ఎక్కడా లేదు. డబ్బాలున్నాయి, చెక్కపెట్టెలున్నాయి, మేకులున్నాయి, ఖాళీ సమయంలో కూర్చుని సానపెట్టుకున్న ఒక మనిషి ఉన్నాడు. ఇదంతా నాకు కనబడడానికి నాలుగైదేళ్లు పట్టింది.

అప్పట్నుంచీ నా అభిప్రాయం గట్టిపడుతూనే వచ్చింది. యుద్ధకాలపు కత్తులు సేకరించే మనం రెండింటికి అతిగా విలువ కడుతున్నాం. ఒకటి రక్తం కథ. రెండోది ఎవరి చెయ్యీ పడని మెరుపు. వాడిన కత్తిని, సొట్టపడి, అరిగి, మొన విరిగిన కత్తిని "కండిషన్ బాలేదు" అని పక్కన పెట్టేస్తున్నాం. అసలు సాక్ష్యం ఆ పక్కన పెట్టినదాని మీదే ఉంది.

ఈ కత్తులు ఎందుకు పుట్టాయో కాస్త చూడాలి. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914 చివరికల్లా పశ్చిమ రంగం కందకాల్లో కూరుకుపోయింది. ఫ్రెంచి సిపాయి చేతిలో ఉన్నది లెబెల్ తుపాకి. దానికి 52 సెంటీమీటర్ల అలుగున్న బాయినెట్ తగిలిస్తే మొత్తం పొడవు 1.8 మీటర్లు. ఆరుబయట గుర్రపురౌతుని నిలువరించడానికి పనికొచ్చే పొడవది. భుజాలు రాసుకునే కందకంలో, మలుపు మలుపుకీ మట్టిగోడ అడ్డొచ్చేచోట దాన్ని తిప్పడం కూడా కుదరదు. రాత్రిపూట చిన్న గుంపులుగా అవతలి కందకాల మీదికి పాకుతూ వెళ్లేవాళ్లకి మూరెడు లోపు ఆయుధం కావాలి. చప్పుడు చేయకూడదు. సైన్యం దగ్గర అలాంటిది లేదు. దాంతో వాళ్లే చేసుకున్నారు.

అలా చేసుకున్నవాటిలో "ఫ్రెంచి మేకు" అని పిలిచేదంటే నాకు ప్రాణం. ముళ్లకంచె వేయడానికి నేలలోకి తిప్పి దించే ఇనప ఊచలుండేవి. కొస మెలితిరిగి ఉంటుంది కాబట్టి ఫ్రెంచివాళ్లు వాటిని పందితోక అనేవారు. ఆ ఊచ ముక్క ఒకటి కొలిమిలో కాల్చి, ఒక కొసని సాగగొట్టి సూదిగా చేసి, రెండో కొసని వేళ్లు దూరేటట్టు వంచేసేవారు. అతుకు లేదు, రివెట్టు లేదు, చెక్క లేదు. మొదలు నుంచి మొన దాకా ఒకటే ఊచ. శత్రువుని ఆపడానికి కంచెగా నిలబడ్డ ఇనుమే శత్రువు దగ్గరికి వెళ్లడానికి చేతిలోకి వచ్చింది. విరిగిన లెబెల్ బాయినెట్లనీ ఇలాగే ముక్కలు చేసి, ముక్కముక్కకీ పిడి పెట్టుకున్నారు.

ఫ్రెంచి మేకుకి నకిలీలు చేయడం మహా తేలిక. కొలిమీ, సుత్తీ, పాత ఊచా ఉంటే చాలు. ఉప్పునీళ్లలో నానబెడితే నెలలో తుప్పూ వచ్చేస్తుంది. నేను కొన్న ఒక్కదాన్నీ ఎంచుకున్నది మొన చూసి కాదు, పిడి లోపలివైపు చూసి. వేళ్లు తగిలేచోట ఇనుము నున్నగా, నల్లగా, కాస్త మెరుస్తూ ఉంది. బయటివైపు మాత్రం తుప్పు తిన్న గుంటలు. ఎవరో చాలాకాలం దాన్ని పట్టుకున్నారు. నకిలీ చేసేవాళ్లకి మొన మీద ఉన్న శ్రద్ధ పిడి లోపల ఉండదు.

తర్వాత కర్మాగారాలు రంగంలోకి దిగాయి. కత్తులకు పేరుమోసిన ఫ్రాన్స్ పట్టణం తియేర్‌లో చేసిన ఒక బాకు అలుగు మీద "ల వాంజర్ ద 1870" అని చెక్కి ఉంటుంది. 1870లో ప్రష్యా మొదలుపెట్టించిన జర్మన్ యుద్ధంలో ఫ్రాన్స్ పొందిన ఓటమికి పగ తీర్చుకునేవాడు అని అర్థం. కత్తి ఇంకా సిపాయి చేతికి అందనేలేదు, కథ అప్పటికే దాని మీదికి ఎక్కేసింది. ఈనాటి అమ్మకందారు నాకు చెప్పిన రాత్రి కథకు మూలపురుషుడు ఆ అక్షరాలు చెక్కినవాడేనని నాకనిపిస్తుంది.

అమెరికన్ల మొదటి కందకపు కత్తి, 1917 నమూనా, నాకు ఎప్పుడూ విచారం కలిగిస్తుంది. దానికి అంచే లేదు. మూడు పలకల సూదిలాంటి అలుగు, వేళ్ల మీద ముళ్లున్న ఉక్కు పట్టీ. పొడవడం, గుద్దడం. ఒక తాడు తెగదు, ఒక రొట్టె కోయలేం. ఇంకేదైనా ఇవ్వమని సైన్యమే అడిగింది. 1918లో రెండంచుల చదునైన అలుగు, నాలుగు వేళ్లూ దూర్చుకునే కంచు పిడి ఉన్న మార్క్ 1 వచ్చింది. అంతలో నవంబరులో యుద్ధం ముగిసింది. గిడ్డంగుల్లో మిగిలినవి రెండో ప్రపంచయుద్ధంలో పారాచూట్ దళాల చేతికి, మెరీన్ రెయిడర్లనే అమెరికన్ మెరుపుదాడి దళాల చేతికి చేరాయి. అంటే "యు.ఎస్. 1918" అని అచ్చున్న కత్తి 1918లో ఒక్క యుద్ధమూ చూడకుండా 1942లో చూసి ఉండొచ్చు. అచ్చు తయారీ నమూనా చెబుతుంది. వాడకం మాత్రం లోహమే చెప్పాలి.

చంపడం గురించిన ప్రశ్నకి అంకెల్లో జవాబు కావాలంటే ఒక లెక్క ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటిష్ సైనిక వైద్య చరిత్ర రాసినవాళ్లు 2,12,659 మంది క్షతగాత్రుల గాయాలు ఏ ఆయుధం వల్ల అయ్యాయో తేల్చారు. ఫిరంగి గుండ్లు, మోర్టార్ల వల్ల 58.51 శాతం. తూటాల వల్ల 38.98 శాతం. బాంబులు, గ్రెనేడ్ల వల్ల 2.19 శాతం. బాయినెట్ వల్ల 0.32 శాతం. కలిపి చూస్తే నూరు అయిపోయింది. కత్తికంటూ ఒక గడి కూడా లేదు.

కత్తిపోటు తిన్నవాడు అక్కడే పోతాడు, ఆసుపత్రి లెక్కలోకి ఎలా వస్తాడు అని ఈ అంకెలు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. కానీ ఫిరంగి గుండు మీద పడినవాడూ ఆసుపత్రికి రాడు. ఆ లోటు రెండు వైపులా ఉంది. లెక్కని ఎంత సాగదీసినా, ఆ యుద్ధంలో కత్తిపోట్లు అతి కొద్ది మందికే తగిలాయన్న సంగతి మారదు. కత్తులు మాత్రం లక్షల్లో తయారయ్యాయి. మరి ఆ కత్తులన్నీ యుద్ధమంతా ఏం చేశాయి?

దీనికి జవాబు రెండో యుద్ధంలో మెరీన్ల దగ్గర దొరుకుతుంది. నా వాదనకి ఇంతకన్నా గట్టి ఆధారం నాకు కనిపించలేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1942లో మెరీన్ రెయిడర్ల కోసం కామిలస్ కంపెనీ ఒక స్టిలెట్టో, అంటే సన్నటి పొడుచుకత్తి, చేసింది. బ్రిటిష్ కమాండోల కత్తిని చూసి గీసిన నమూనా. సన్నగా, రెండంచులతో, సూదిమొనతో చాలా అందంగా ఉంటుంది. మొత్తం 14,370 చేశారు. పిడి జింకు మిశ్రమంతో పోత పోశారు. అడవుల్లోకి వెళ్లిన రెయిడర్లకి ఆ అందం దేనికీ అక్కరకు రాలేదు. తీగలు కోయాలి, పెట్టెలు తెరవాలి, డబ్బాలు తెరవాలి, రాత్రికి ఒళ్లు దాచుకోవడానికి గొయ్యి తవ్వాలి. స్టిలెట్టోతో ఇవేవీ కావు. చేయబోతే మొన విరుగుతుంది. ఆ జింకు పోతకి మరో జబ్బు కూడా ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపల్నుంచి పగుళ్లిచ్చి పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే ఈరోజు మిగిలిన రెయిడర్ స్టిలెట్టోల్లో పిడి చితికినవి చాలా కనిపిస్తాయి.

దాని స్థానంలో వచ్చిందే అందరికీ తెలిసిన కేబార్. 1942 చివర్లో మెరీన్ కోర్ దాన్ని తీసుకుంది, 1943 మొదట్లో కామిలస్ నుంచి మొదటి విడత వచ్చింది. 7 అంగుళాల మందపాటి అలుగు, ఒకటే ప్రధానమైన అంచు, తోలు బిళ్లల పిడి, కొట్టినా చెక్కుచెదరని ఉక్కు బిళ్ల. న్యూయార్క్ రాష్ట్రంలో ఒలియన్ పట్టణపు యూనియన్ కట్లరీ కంపెనీ తను చేసినవాటి మీద "కేబార్" అన్న తన వ్యాపార ముద్ర వేసింది. చివరికి ఏ కంపెనీ చేసినదైనా సిపాయిల నోట కేబారే అయింది. ఆ పేరు అంతగా నాటుకుపోయి, 1952లో కంపెనీ తన పేరునే కేబార్‌గా మార్చుకుంది.

చంపడానికి మాత్రమే చేసిన కత్తిని సిపాయిలు వద్దన్నారు. పని చేసే కత్తిని ఉంచుకున్నారు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, ఏ కత్తి ఆగిపోయింది, ఏ కత్తి ఇప్పటికీ తయారవుతోంది అన్నది చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అయినా బజారులో స్టిలెట్టోకి పలికే ధర, దాని మీద జరిగే చర్చ, వాడి అరిగిన కేబార్‌కి ఉండవు. తక్కువగా ఉన్నదానికి ఎక్కువ ధర పలకడం సహజమే. ఆ ధరతో పాటు "ఇదే అసలైన యోధుడి కత్తి" అన్న మాట కూడా అంటగట్టడమే నాకు నచ్చదు.

కమాండో కత్తి విషయంలో నేను ఇంత కఠినంగా ఉండలేను. ఫెయిర్‌బెర్న్, సైక్స్ అనే ఇద్దరూ షాంఘై మునిసిపల్ పోలీసులో పనిచేసి వచ్చినవాళ్లు. 1940 నవంబరులో లండన్‌లోని విల్కిన్‌సన్ స్వోర్డ్ కంపెనీ వాళ్లతో కూర్చుని ఆ కత్తిని రూపొందించారు. అది పొడవడానికే పుట్టింది, అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. మొదటి నమూనాకి పిడికీ అలుగుకీ మధ్య ఎస్ ఆకారంలో వంగిన అడ్డు, గళ్లుగళ్లుగా చెక్కిన ఇత్తడి పిడి. 1942లో వచ్చిన రెండో నమూనాకి అడ్డు తిన్నగా అయింది, అలుగు మొదట్లో ఉన్న చదునైన చోటు పోయింది. 1943 అక్టోబరులో మూడోది వచ్చింది. దీని పిడి ఇత్తడి కాదు, వరసగా వలయాలున్న పోత మిశ్రమం. పిడి పట్టుకుంటేనే యుద్ధం ఎన్నో ఏట ఉందో తెలుస్తుంది. ఇత్తడి మరో పనికి కావలసొచ్చింది, చెక్కడానికి సమయం లేదు, పోత పోస్తే త్వరగా అవుతుంది. కమాండోల భుజాల మీది గుర్తుల్లో ఈనాటికీ ఉన్నది ఆ కత్తి బొమ్మే.

మూడో నమూనా తయారీ యుద్ధంతో ఆగలేదు. షెఫీల్డ్‌లో దశాబ్దాల పాటు చేస్తూనే వచ్చారు. కాబట్టి "మా తాతగారి కమాండో కత్తి" అని చేతికొచ్చేవాటిలో యుద్ధం తర్వాత చేసినవి కొల్లలు. నకిలీ అని తిట్టడానికి లేదు, అదే ఊరు, అదే రూపం. యుద్ధకాలపుది కాదు, అంతే.

దాని ఒర గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఆ తోలు ఒరకి రెండు పక్కలా కలిపి నాలుగు చిన్న తోలు చెవులుంటాయి. ప్యాంటుకో, చొక్కా లోపలో కుట్టుకోవడానికి పెట్టినవి. చాలామంది సిపాయిలకి అవి అడ్డొచ్చాయి. కోసేశారు. ఈరోజు సేకర్తలు ఆ నాలుగు చెవులూ ఉన్న ఒరకి పెద్ద పీట వేస్తారు, కోసిన ఒరని లోపం కింద రాస్తారు. నేను కోసిన ఒరనే ఏరుకున్నాను. ఒక చెవి మొదలంటా నున్నగా తెగింది, రెండోది వంకరగా తెగింది, ఇంకో రెండు సగం సగం. ఆ కోతలు బహుశా ఆ ఒరలో ఉన్న కత్తితోనే పెట్టినవి. ఒక సిపాయి సైన్యం తనకిచ్చిన వస్తువుని తన ఒంటికి తగ్గట్టు మార్చుకున్న ఆ నిమిషం నా కళ్లముందు ఉంది. దాన్ని లోపం అని ఎలా అంటారు?

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. పాత కత్తులు కొనేవాడికి ఈ సామెత ఒక పరీక్ష. తోలు ఒర ఏళ్ల తరబడి ఒకే కత్తిని మోస్తే లోపల ఆ అలుగు ఆకారమే పడుతుంది. పిడి అడ్డు ఆనేచోట నల్లటి గీత పడుతుంది. మరో కత్తిని దూరిస్తే ఆ గీత కుదరదు, లోతు కుదరదు. అమ్మేవాళ్లు విడివిడిగా దొరికిన కత్తినీ ఒరనీ జత కట్టి "మొదట్నుంచీ కలిసే ఉన్నాయి" అంటారు. టార్చి వేసి ఒర లోపల చూస్తే కొన్నిసార్లు నిజం అక్కడే దొరికిపోతుంది. అయితే దాచేటప్పుడు మాత్రం రెండింటినీ విడదీయాల్సిందే. తోలులోని ఆమ్లాలు ఉక్కుని తింటాయి, ఇత్తడికి పచ్చటి చిలుము పట్టిస్తాయి.

కథకి ఎక్కువ విలువ కడితే జరిగేదేమిటో వి-42ని చూస్తే తెలుస్తుంది. 1942లో అమెరికన్లూ కెనడియన్లూ కలిసి ఏర్పడ్డ ఫస్ట్ స్పెషల్ సర్వీస్ ఫోర్స్ కోసం కేస్ కంపెనీ చేసిన బాకు. అలుగు మొదట్లో బొటనవేలు ఆనడానికి గీతలు పెట్టిన గుంట, పిడి చివర కోసుగా ఉక్కు మొన. చేసినవి మూడు వేల పైచిలుకు మాత్రమే. ఆ దళం పేరు పెద్దది, కత్తుల సంఖ్య చిన్నది. ఇక నకిలీలకి కొదవేముంటుంది? నాకు ఒకసారి ఒక వి-42ని చూపించి, దాంతో పాటు ఒక లోయ పేరు, ఒక దాడి తేదీ, ఒక మరణం కూడా చెప్పారు. బొటనవేలు గుంటలోని గీతలు యంత్రం మీద మొన్ననే కోసినట్టు అంచులు పదునుగా ఉన్నాయి. ఏ వేలూ వాటిని తాకలేదు. కథ చెప్పినతను నా మొహంలోకి చూస్తున్నాడు, నేను గుంటలోకి చూస్తున్నాను. కొనకుండా లేచి వచ్చేశాను.

నాజీ గుర్తున్న బాకుల గురించి ఒక్క మాటతో సరిపెడతాను. పిడి మీద పెద్ద గుర్తుతో మెరిసేవి ఎక్కువగా యూనిఫాం పక్కన అలంకారానికి వేలాడినవి. కందకంలోకి దిగినవి కావు. వాటిని నేను కొనను. జర్మన్ పారాచూట్ సిపాయిల కత్తి మాత్రం ఒకటుంది. ఒంటి చేత్తో మీట నొక్కి కిందికి వంచితే అలుగు తన బరువుకి తనే బయటికి జారుతుంది. చెట్టుకొమ్మకి చిక్కుకుని వేలాడేవాడు తన తాళ్లు తనే కోసుకోవడానికి చేసింది.

ఇక్కడ చట్టం సంగతి రావాలి. బ్రిటన్‌లో 2021 జూలై 14 నుంచి కొన్ని రకాల ఆయుధాలు ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరం. వేళ్లు దూర్చే పిడులున్నవి, పిడికిట్లో అడ్డంగా పట్టుకుని గుద్దే బాకులు, బరువుకి జారి తెరుచుకునే కత్తులు ఆ జాబితాలో ఉన్నాయి. నూరేళ్లు దాటిన పురాతన వస్తువులకి మినహాయింపు ఉంది. అంటే 1918 నాటి కంచు పిడి కత్తి గట్టెక్కింది. అదే పద్ధతిలో 1942లో చేసిన కత్తి 2042 దాకా ఆగాలి. తాళ్లు కోసుకోవడానికి చేసిన ఆ పారాచూట్ కత్తి సైతం అదే జాబితాలో పడుతుంది. వీధుల్లో కత్తిపోట్లతో పిల్లలు పోతున్న కాలంలో ఆ చట్టం ఎందుకొచ్చిందో నాకు అర్థమవుతుంది, దాని మీద నాకు కోపం లేదు. కానీ తెలియక పాత పెట్టెల్లో ఉన్నవాటిని కరిగించేసేవాళ్లని తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. సేకరించేవాడు ముందు తన దేశంలో చట్టం ఏమంటుందో చదువుకోవాలి, తర్వాతే పర్సు తీయాలి.

నేను ఇవన్నీ చెబితే, ఒక మిత్రుడు చాలా గంభీరంగా ఒక మాట అన్నాడు. "నువ్వు వీటిని డబ్బాలు తెరిచే పనిముట్లంటున్నావు. అలా అంటే యుద్ధాన్ని కడిగి శుభ్రం చేసినట్టే కదా?" ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. అతను అన్నదాంట్లో నిజముంది. ఫ్రెంచి మేకు మనిషి కోసమే సాగింది. కమాండో కత్తి మొన మనిషి కోసమే సన్నబడింది. నా పెట్టెలో ఉన్న ఏదో ఒక కత్తి ఆ పని చేసే ఉండొచ్చు. దాన్ని నేను కాదనడం లేదు. నేను కాదనేది, ఆధారం లేకుండా ఒక చావుని సృష్టించి, దానికి ధర కట్టి అమ్మడాన్ని. నిజంగా చనిపోయినవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. యుద్ధంలో కత్తి పట్టిన లక్షలమంది తమ రోజుల్ని ఎలా గడిపారో మాత్రం ఆ కల్పన కింద మరుగున పడిపోతుంది. ఆకలి, వాన, బురద, విసుగు, తెరుచుకోని డబ్బా. ఇవి కూడా యుద్ధమే. చాలామందికి యుద్ధమంటే ఎక్కువ రోజులు ఇవే. 1943లో రష్యాలోని ఉరల్ ప్రాంతపు కార్మికులు చందాలు వేసుకుని ఒక ట్యాంకు దళాన్ని నిలబెట్టి, జ్లాటోఉస్త్‌లో చేసిన నల్లపిడి కత్తిని ఒక్కొక్కరికీ ఇచ్చి పంపారు. ఎదుటి జర్మన్లు ఆ దళాన్ని నల్లకత్తుల దళం అని పిలిచారు. ట్యాంకులో కూర్చునేవాడికి ఆ కత్తి ఎంతమందిని చంపడానికి పనికొస్తుంది? ఇంటినుంచి ఎవరో చేసి ఇచ్చిన వస్తువు నడుముకి ఉందన్న ధైర్యం కోసం అది వెళ్లింది.

ఇక మెరుపు. పాత కత్తి చేతికి రాగానే తోమాలనిపించడం సహజం. దయచేసి తోమకండి. ఎర్రగా పొడిలా రాలే తుప్పు బతికున్న తుప్పు, దాన్ని ఆపాలి. మెత్తటి గుడ్డ, కొద్దిగా నూనె, ఓపిక ఉంటే చాలు. నల్లగా, ముదురు గోధుమరంగులో గట్టిగా పట్టిన పొర ఆ ఉక్కుకి చర్మం లాంటిది. అది పోతే గీతలు పోతాయి, ముద్రలు పలచబడతాయి, సానరాయి గుర్తులు చెరిగిపోతాయి. పైన పలచగా మైనం రాసి వదిలేయడం మేలు. బ్రిటిష్ మ్యూజియంలో రూపొందించిన రెనసాన్స్ వాక్స్ నేను వాడతాను. అంచుకి మళ్లీ పదును పెట్టడమైతే ఎప్పటికీ వద్దు. చివరిసారి దానికి పదును పెట్టినవాడి చేతి వాలు ఆ అంచు మీద ఉంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా మొదటి ఎమ్3 ఒర. అది ఎమ్8 రకం, ఆకుపచ్చటి గట్టి ప్లాస్టిక్ లాంటి ఒళ్లు, పైన ఉక్కు మూతి. కొన్న వారంలోనే ఒక సాయంత్రం దాన్ని శుభ్రం చేయడానికి కూర్చున్నాను. ఒర వెనక తెల్లరంగు మరకలు కనిపించాయి. ఎక్కడో గోడకి సున్నం వేస్తుంటే చింది ఉంటుందనుకున్నాను. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో రుద్దాను. సగం పోయాక అవి అక్షరాలని తెలిసింది. అప్పటికి ఆ అక్షరాలకి అర్థం తెలియదు. మిగిలినది కూడా తుడిచేశాను, ఒర ఒకే రంగులో ఉంటే బాగుంటుందని.

అమెరికన్ సైన్యంలో బట్టలు చాకిరేవులో కలిసిపోకుండా ఒక గుర్తు వేసుకునేవారు. ఇంటిపేరు మొదటి అక్షరం, దాని పక్కన సర్వీసు నంబరులో చివరి నాలుగు అంకెలు. బట్టల మీదే కాదు, సంచుల మీద, బెల్టుల మీద, ఒరల మీద కూడా అదే గుర్తు. ఈ సంగతి నేను చదివింది ఆ సాయంత్రం గడిచిన మూడేళ్లకి. చదివిన వెంటనే లేచి వెళ్లి ఒర తీసి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. ఏటవాలుగా పట్టుకుని చూశాను, టార్చి వేసి చూశాను. నేను బాగా తుడిచాను, ఏమీ మిగల్లేదు.

కళ్లు మూసుకుంటే మొదటి అక్షరం గుర్తుంది, చివరి రెండు అంకెలు గుర్తున్నాయి. ఇప్పుడు ప్రతి కత్తికీ ఒక చీటీ రాసి పెడుతున్నాను. ఎక్కడ దొరికింది, ఏ ముద్రలున్నాయి, ఏ దెబ్బలున్నాయి, అమ్మినవాళ్లు ఏం చెప్పారు, అందులో దేనికి ఆధారముంది. ఎమ్3 చీటీలో అమ్మినాయన చెప్పిన రాత్రి కథ ఒక్క వాక్యంలో ఉంది, పక్కన "ఆధారం లేదు" అని ఉంది. దాని కింద ఇలా రాశాను: ఒర వెనక తెల్లరంగుతో, చేత్తో రాసిన గుర్తు. డి, మధ్యలో రెండు అంకెలు, 0, 7. చెరిపింది నేను.